నడుమ తెల్లచార ఉన్న అగేవ్: అడుగు మట్టలు మెత్తబడుతున్నాయి, చార మీద గోధుమ మచ్చలు, పిలకలు మూడు రంగుల్లో

పెరటిచార:

నా మొక్క కలబందలా మందపాటి మట్టలుండే అగేవ్. రకం అగేవ్ అమెరికానా మీడియోపిక్టా ఆల్బా. మట్ట నడుమ వెడల్పాటి తెల్లచార, రెండు పక్కలా నీలిపచ్చ అంచు. ఈ కొన నుంచి ఆ కొనకు 30 సెం.మీ. ఉంటుంది. 15 సెం.మీ. నల్ల ప్లాస్టిక్ కుండీలో, నర్సరీ వాళ్ళు నింపిన కోకోపీట్‌లోనే (కొబ్బరి పీచు పొట్టు) ఉంది. అక్కడ షేడ్‌నెట్ కింద పెరిగింది. ఇప్పుడు డాబా మీద రోజంతా ఎండ తగిలే చోట పెట్టాను. పైన ఆరినట్టు కనబడగానే నీళ్ళు పోస్తున్నాను, అంటే దాదాపు మూడు రోజులకోసారి.

పై వరస మట్టల్లో తెల్లచార మీద, అదీ ఎండకు తిరిగి ఉన్న వైపే, గోధుమరంగు మచ్చలు లేచాయి. గోటితో గీస్తే పొడిగా, అట్టలా గట్టిగా ఉన్నాయి. అట్టడుగున ఉన్న రెండు మట్టలు మాత్రం పసుపు తిరిగి మొదలు దగ్గర మెత్తబడ్డాయి. నొక్కితే నీరు నిండినట్టుంది. కుండీ అంచున మూడు పిలకలు వచ్చాయి: ఒకటి తల్లిలాగే చారతో, ఒకటి మొత్తం పచ్చ, మూడోది వేలెడంత ఉంది కానీ దాదాపు పూర్తిగా తెలుపు.

ఇవన్నీ ఒకే జబ్బా, వేర్వేరా? ముందు దేని సంగతి చూడాలి? కుండీ మార్చాలంటే మట్టి ఏ పాళ్ళలో కలపాలి? పిలకలు ఇప్పుడే విడదీయవచ్చా?

రాతిమన్ను:

వేర్వేరండీ. మచ్చలు ఎండ దెబ్బ, మెత్తబడటం నీటి దెబ్బ, పిలకల రంగులు ఆ రకానికి ఉన్న స్వభావం. వీటిలో తొందర ఉన్నది మెత్తబడటానికే. ఎండమచ్చ మొక్కను చంపదు, మొదలు దగ్గర కుళ్ళు చంపుతుంది.

ముందు రెండు పరీక్షలు చేయండి. మందపాటి చేతితొడుగు వేసుకుని, మట్టి మట్టానికి కాస్త పైన కాండాన్ని రెండు వేళ్ళతో గట్టిగా నొక్కండి. రాయిలా ఉంటే కుళ్ళు ఇంకా వేళ్ళలోనో పాత మట్టల్లోనో ఉంది, మొక్క దక్కుతుంది. తర్వాత మధ్యలో చుట్టుకుని ఉన్న మొవ్వును పట్టుకుని మెల్లగా పైకి లాగి చూడండి. కదలకపోతే సరే. జారి చేతికి వచ్చేసి, కింద పులిసిన వాసన కొడితే తల్లి మీద ఆశ వదులుకుని పిలకలను చూసుకోవాలి.

అసలు కారణం కోకోపీట్. అది చెడ్డ సరుకని కాదు. నర్సరీలో వందల కుండీలకు కొలిచి నీళ్ళిస్తారు, తేలిగ్గా రవాణా చేస్తారు, కాబట్టి వాళ్ళకు అదే అనుకూలం. ఇంట్లో మాత్రం పై అంగుళం ఎండిపోయినా వేళ్ళ మధ్య ముద్ద తడిగానే ఉంటుంది. పైన చూసి పోసిన నీళ్ళు ఆ తడి మీద తడి అవుతాయి. పూర్తిగా ఎండనిస్తే ఇంకో తంటా: నీళ్ళు లోపలికి ఇంకకుండా కుండీ గోడ వెంట జారిపోతాయి, మనమేమో పోశామనుకుంటాం.

చారల రకాలకు ఇది ఇంకా కీలకం. తెల్ల భాగంలో పత్రహరితం లేదు, ఆహారం తయారు కాదు. మట్టలో మూడో వంతో సగమో తెల్లగా ఉన్నప్పుడు మొక్క ఎదుగుదల నెమ్మదిస్తుంది, వేళ్ళు తక్కువ వేస్తుంది, కుండీలోంచి నీళ్ళు తక్కువ తోడుకుంటుంది. అదే సైజు పచ్చ అగేవ్ నాలుగు రోజుల్లో తాగేసే తడి దీని కుండీలో వారం పైనే నిలుస్తుంది. మామూలు అగేవ్‌కి అలవాటైన చెయ్యి చారల అగేవ్‌ని కుళ్ళబెట్టడానికి కారణం ఇదే.

కుండీలోంచి తీసి కోకోపీట్ మొత్తం వదిలించండి. వేళ్ళ మధ్య పిడికెడు ముద్ద కూడా మిగలకూడదు. అది చుట్టూ ఉన్న గుల్ల మట్టి కంటే ఎప్పుడూ తడిగా ఉండి, సరిగ్గా కాండం కిందే కుళ్ళు మొదలుపెడుతుంది. వేళ్ళు చూసి ఇక్కడ చెప్పండి, తర్వాతి సంగతి దాన్ని బట్టి.

మట్టి పాళ్ళు, కొలత ఏ డబ్బాతోనైనా సరే: 3 నుంచి 6 మి.మీ. ప్యూమిస్ (గుల్లగా ఉండే అగ్నిపర్వత రాయి) మూడు పాళ్ళు, ముతక ఇసుక గానీ రాతి చిప్స్ గానీ ఒక పాలు, బాగా మాగిన కంపోస్టు ఒకటిన్నర పాళ్ళు. ప్యూమిస్ దొరక్కపోతే ఇటుక ముక్కలు అదే సైజుకి కొట్టి జల్లించి, దుమ్ము పోయేదాకా కడిగి వాడండి. ఆ దుమ్ముని వదిలేస్తే రెండు నెలల్లో అడుగున అడుసులా పేరుకుంటుంది. పెర్లైట్ (తెల్లటి తేలిక గుల్లలు) పనికొస్తుంది గానీ బరువు లేదు. పైన బరువైన అగేవ్ కుండీతో సహా పల్టీ కొడుతుంది, నీళ్ళు పోసినప్పుడల్లా పెర్లైట్ తేలి పైకొస్తుంది. ఇసుక విషయంలో 2 మి.మీ. జల్లెడలోంచి కిందికి దిగినదంతా పారేయండి, పైన ఆగినదే కావాలి. సన్న ఇసుక కలిపిన మట్టి ఇసుక లేని మట్టి కంటే ఘోరం, ఖాళీలన్నీ పూడ్చేస్తుంది.

కలిపాక కుండీలో నింపి అర లీటరు గబుక్కున పోయండి. రెండు మూడు సెకన్ల కంటే ఎక్కువ పైన నిలిచినా, కింద బొక్కలోంచి వెంటనే ధార పడకపోయినా ఇంకా గుల్ల చేయాలి.

కుండీ కాల్చిన మట్టిది అయితే మంచిది. వేళ్ళ గుత్తికి చుట్టూ 2, 3 సెం.మీ. ఖాళీ చాలు. "పెరుగుతుంది కదా" అని పెద్దది పెడితే వేళ్ళు చేరని మట్టి తడిగా మిగిలిపోతుంది. అడుగున గులకరాళ్ళ పొర వేయకండి. నీళ్ళు సన్న మట్టిలోంచి పెద్ద రాళ్ళలోకి తేలిగ్గా దిగవు. ఆ రెండూ కలిసే గీత పైన నిలిచిపోయి, తడి మండలం వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది. బొక్క మీద చిన్న జాలీ ముక్క చాలు.

నీడవల:

రాతిమన్ను గారు వేళ్ళ గురించి చెప్పారు, నేను ఎండ గురించి చెబుతాను, ఎందుకంటే కుండీ మార్చాక మళ్ళీ అదే డాబా ఎండలో పెడితే సగం శ్రమ వృథా.

అగేవ్ అంటే ఎడారి మొక్క, ఎంత ఎండైనా ఓర్చుకుంటుందని అందరూ అంటారు. పచ్చ అమెరికానాకి అది నిజమే. పసుపు అంచు ఉండే మార్జినాటాకి కూడా ముప్పాతిక నిజం. దానికి రంగు లేని భాగం సన్నగా అంచున ఉంటుంది. మీడియోపిక్టాలో రంగు లేని భాగం మట్ట నట్టనడుమ, గిన్నెలా వంగిన పైముఖం మీద ఉంటుంది. మధ్యాహ్నపు ఎండ నేరుగా అక్కడే పడుతుంది. పైగా అది షేడ్‌నెట్ కింద తయారైన కణజాలం. ఆ మట్ట మీద ఎండను తట్టుకునే పూత అక్కడి వెలుతురుకి తగినంతే ఉంటుంది. కొత్త చోట కొత్తగా వచ్చే మట్టలు ఆ వెలుతురుకి తగ్గట్టు తయారవుతాయి కానీ, పాత మట్టలు పూర్తిగా మారవు.

కాబట్టి దీనికి సరైన చోటు: పొద్దున 4, 5 గంటలు నేరు ఎండ, మధ్యాహ్నం నుంచి 40, 50 శాతం నీడ. అక్కడికి కూడా ఒక్కసారిగా కాదు. మొదట రోజుకి గంట, రెండు గంటల పొద్దుటెండ ఇచ్చి, నాలుగైదు రోజులకోసారి ఇంకో గంట పెంచుకుంటూ మూడు వారాల్లో తీసుకురండి. మబ్బు పట్టిన వారం తర్వాత హఠాత్తుగా కాసే ఎండ కూడా కొత్త ఎండే. ఆ వారం లెక్కలోకి రాదు.

చాలామంది చూసుకోనిది ఇంకోటి. కుండీ కదిపినప్పుడు ఏ వైపు ఎండకు ఉండేదో ఆ వైపే మళ్ళీ ఎండకు ఉండాలి. తీసే ముందే కుండీ అంచున సుద్దతో గీత పెట్టుకోండి. నీడ వైపున్న మట్టలను తిప్పి ఎండకు పెడితే అలవాటైన మొక్క కూడా మాడుతుంది. సమంగా పెరగాలని తిప్పదలిస్తే నెలకోసారి ఎనిమిదో వంతు తిప్పండి, సగం చుట్టు కాదు.

నల్ల ప్లాస్టిక్ కుండీ సంగతి కూడా చెప్పాలి. ఎండ తగిలే గోడ లోపలి వైపు మట్టి కాలిపోతుంది, ఆ పక్క వేళ్ళు చచ్చిపోతాయి. చచ్చిన వేరు తడిలో కుళ్ళుతుంది. మీ మొక్కలో ఎండ దెబ్బ, నీటి దెబ్బ వేర్వేరని పైన అన్నారు గానీ, ఆ నల్ల కుండీలో రెండూ కలిసే పని చేసి ఉంటాయని నా అనుమానం.

అలాగని భయపడి ఇంట్లో మూలన పెట్టకండి. వెలుతురు చాలకపోతే కొత్త మట్టలు సన్నగా, పొడుగ్గా సాగి, బల్లపరుపుగా పడిపోతాయి. అలా సాగినవి తర్వాత ఎంత ఎండ ఇచ్చినా మళ్ళీ పొట్టిగా కావు. అవి అడుగుకి చేరి ఎండిపోయేదాకా రెండు మూడేళ్ళు ఆ వంకర కనబడుతూనే ఉంటుంది.

పొరపొర:

పిలకల సంగతి.

చారల అగేవ్‌లు చాలావరకు పొరల మొక్కలు. పెరిగే మొగ్గ కొసన కణాలు పొరలు పొరలుగా ఉంటాయి, అందులో ఒక పొర పచ్చరంగు తయారుచేసే శక్తి పోగొట్టుకుంది. మట్ట అంచు ముఖ్యంగా బయటి పొర నుంచి, నడిమి భాగం లోపలి పొర నుంచి తయారవుతాయి. బయటి పొర రంగు లేనిదైతే మార్జినాటాలాగా అంచుచార. లోపలి పొర రంగు లేనిదైతే మీ మీడియోపిక్టాలాగా నడిమిచార. వేరుకాడ (తల్లి నుంచి మట్టిలో పాకే కాడ) మీది మొగ్గ నుంచి లేచే పిలకకి అన్ని పొరలూ వరసగా అందితే తల్లి పోలికే వస్తుంది. మొగ్గ ఏర్పడేటప్పుడు ఒక పొర ఇంకో పొరని తోసేస్తే మొత్తం పచ్చదో, మొత్తం తెల్లదో వస్తుంది. మీ కుండీలో ఈ మూడూ ఒకేసారి కనబడ్డాయి, ఇందులో జబ్బేమీ లేదు.

పచ్చ పిలకని కుండీలో అలాగే వదిలేయకండి. దానికి పూర్తి పత్రహరితం ఉంది కాబట్టి తల్లిని మించి వేగంగా పెరుగుతుంది, రెండేళ్ళలో కుండీ దానిదే అవుతుంది. వేరుకాడతో సహా తవ్వి తీసేయాలి. పైపైన కోస్తే అదే కాడ మీద మళ్ళీ పచ్చదే లేస్తుంది. విడిగా నాటుకుంటే మంచి పచ్చ అగేవ్ అవుతుంది. దాని మీద చారలు "తిరిగి వస్తాయి" అని ఎదురుచూడకండి. ఒక్క మినహాయింపు: ఏదైనా మట్ట మీద వెంట్రుక మందాన తెల్లగీత కొస దాకా ఉంటే పారేయకండి, ఆ గీత ఉన్న వైపు నుంచి ముందుముందు చార పిలక రావచ్చు. మరీ పసిది అయితే నాలుగైదు మట్టలు వేసేదాకా తీర్పు చెప్పకండి, మొదటి రెండు మట్టల రంగు చూసి ఏదీ తేల్చలేం.

తెల్ల పిలకని విడిగా పెంచుదామని విడదీయకండి. అది తల్లి పెట్టే తిండి మీద బతుకుతోంది. కోసి వేరే కుండీలో పెడితే నిలవ ఉన్న ఆహారం అయిపోగానే కరిగిపోతుంది. మట్టల్లో ఏ మాత్రం పచ్చగీత లేకపోతే ఎవరూ దాన్ని బతికించలేరు. తల్లికి అంటిపెట్టుకుని ఉన్నంతకాలం అందంగానే ఉంటుంది. కానీ మీ తల్లి మొక్కకే ఇప్పుడు వేళ్ళు తగ్గాయి కాబట్టి, ఆ భారం తీసేయడమే మేలని నా అభిప్రాయం.

చార పిలకని ఎప్పుడు తీయాలంటే, మామూలుగా అయితే 10 నుంచి 15 సెం.మీ. ఎత్తు వచ్చి సొంత వేళ్ళు కనబడ్డాక. పదునైన కత్తిని స్పిరిట్‌తో తుడిచి, తల్లికీ పిలకకీ మధ్య ఉన్న వేరుకాడని ఒక్క కోతలో తెంచండి. కోసిన చోటు మూడు నుంచి ఏడు రోజులు నీడలో ఆరి పొర కట్టాలి. ఆ తర్వాతే నాటడం. వేళ్ళు లేకుండా వచ్చినా కంగారు పడకండి, పొడి గుల్ల మట్టిలో నిలబెడితే మూడు నుంచి ఆరు వారాల్లో వేస్తుంది.

ఆకు కోతలతో అగేవ్ రాదు. విత్తనం మీద కూడా ఆశ వద్దు. అండం లోపలి పొర నుంచి తయారవుతుంది, అందుకని అంచుచార మొక్క విత్తనం మామూలుగా పచ్చ మొక్కనే ఇస్తుంది, నడిమిచార మొక్క విత్తనం నుంచి తెల్ల మొలకలు వచ్చి నిలవ ఆహారం అయిపోగానే పోతాయి. చారల అగేవ్ విత్తనాలని ఎవరైనా అమ్ముతుంటే కొనకండి.

పెరటిచార:

అందరికీ ధన్యవాదాలు. కుండీలోంచి తీశాను. కాండం గట్టిగానే ఉంది, మొవ్వు కదల్లేదు. కోకోపీట్ మధ్యలో పిండితే నీరు కారేంత తడి. వేళ్ళలో దాదాపు మూడు వంతులు నల్లబడి, లాగితే పై తొక్క జారి లోపల దారంలాంటి నార మిగులుతోంది. మిగతా వంతు పసుపు తెలుపు, గట్టిగా ఉన్నాయి. కాండం అడుగున ఒక పక్క బొటనవేలి గోరంత గోధుమరంగు మచ్చ ఉంది. దాన్ని కోయాలా? వేపనూనె పూయమని ఇంకోచోట చదివాను.

రాతిమన్ను:

ఆ గోధుమ మచ్చని తప్పకుండా కోయాలి. తొక్క జారే వేళ్ళన్నీ మొదలంటా కత్తిరించండి, వాటికి మళ్ళీ ప్రాణం రాదు. మెత్తబడ్డ రెండు మట్టలని కూడా కాండం దగ్గర నుంచి తీసేయండి. తర్వాత మచ్చని పలచటి ముక్కలుగా చెక్కుకుంటూ వెళ్ళండి. లోపల ముల్లంగిలాగా తెల్లగా, ఎక్కడా గోధుమ గీత గానీ చుక్క గానీ లేని పొర కనబడేదాకా ఆపకూడదు. ప్రతి కోతకీ కత్తి తుడవాలి, లేకపోతే కుళ్ళుని మీరే లోపలికి మోసుకెళ్తారు.

కోసిన చోట గంధకం పొడి గానీ కాపర్ ఆక్సీక్లోరైడ్ గానీ పొడిగానే అద్దండి. నీళ్ళలో కలిపి పూస్తే ఆరబెట్టే పని మళ్ళీ మొదటికొస్తుంది. మొక్కని పక్కకి వాల్చి, గాలి ఆడే నీడలో వారం నుంచి పది రోజులు ఉంచండి. మట్టలు కొంచెం ముడతలు పడతాయి, పడనివ్వండి. అగేవ్ వేళ్ళు లేకుండా వారాల తరబడి ఉండగలదు. తడి గాయంతో మట్టిలోకి వెళ్తే మాత్రం ఉండలేదు.

నాటేటప్పుడు మట్టి పొడిగా ఉండాలి. పాత మట్టం ఎక్కడుందో అంతవరకే, ఒక్క సెం.మీ. కూడా లోతుకి దించకండి. నిలబడకపోతే చుట్టూ మూడు పెద్ద రాళ్ళు ఆనించండి, ఊగుతుంటే కొత్త వేళ్ళు తెగిపోతాయి. పైన 2 సెం.మీ. మందాన రాతి చిప్స్ పరిస్తే అడుగు మట్టలు తడి మట్టికి తగలవు. మొదటి నీళ్ళు నాటిన వారం పది రోజులకి, అదీ సగం మోతాదు. నెల తర్వాత మెల్లగా లాగితే పట్టు తగిలిందంటే వేళ్ళు వేసినట్టే. అప్పటిదాకా నేరు ఎండ వద్దు, నీడవల గారి లెక్క అప్పుడు మొదలుపెట్టండి.

వేపనూనె గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఉన్నారు.

భూతద్దం:

వేపనూనె వద్దండీ. మట్ట మీద కనబడే నీలి బూడిద పూత మైనం. నూనె ఏదైనా దాన్ని కరిగిస్తుంది, ఆ మట్ట మీద అది మళ్ళీ సరిగా రాదు. పూత పోయిన తెల్లచార మొదటి ఎండకే మాడుతుంది. సబ్బు నీళ్ళతో కూడా అంతే, కొంచెం తక్కువ. పైగా మీకు ఇప్పుడు ఉన్నది పురుగు కాదు, కుళ్ళు. నూనె దానికి మందే కాదు.

అయితే మొక్క బయట ఉంది కాబట్టి చీడ ఉందో లేదో ఇప్పుడే చూసేయండి. పిండినల్లి తెల్లచార మీద కంటికి ఆనదు, మట్టల మొదళ్ళలో ఒత్తుగా దాక్కుంటుంది. చీమలు ఎక్కుతుంటే, మట్టలు జిగురుగా ఉంటే, నల్ల మసి పడితే అది ఉందని అర్థం. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సన్న కుంచె ముంచి పురుగు ఉన్నచోటే తాకించండి, మట్టంతా తుడవకండి. గుడ్ల నుంచి కొత్తవి వస్తాయి కాబట్టి వారానికోసారి, నాలుగు వారాలు. వేళ్ళ మధ్య గానీ కుండీ లోపలి గోడ మీద గానీ తెల్లటి పిండి చారలు కనబడితే అది వేరు పిండినల్లి. పాత మట్టి మొత్తం పారేసి, వేళ్ళు ధారగా కడిగి, కుండీని సలసల కాగే నీళ్ళతో కడగాలి.

అగేవ్ నల్లి (మైట్) వేరే రకం సమస్య, అది పిండినల్లి కాదు. మట్ట మొదట్లో నూనె చేత్తో ముట్టుకున్నట్టు మసకగా, గోధుమ నలుపులో నిలువు మరకలు వస్తే అనుమానించండి. పురుగు మామూలు కంటికి కనబడదు. మొవ్వులో మట్టలు విడవకముందే లోపల తింటుంది, మట్ట బయటికొచ్చాక మరక తేలుతుంది, కాబట్టి ఎండమచ్చలాగా పైకి తిరిగిన చోటే ఉండాలని లేదు. మామూలు పురుగుమందులు దీన్ని ఏమీ చేయవు, నల్లిమందు కావాలి, అదీ మొవ్వులోకి దిగేలా. మరకలున్న మొక్క పిలకలను ఎవరికీ ఇవ్వకండి. ఖరీదైన రకం కాకపోతే మొక్కనే తీసేయడం చౌక.

ముక్కుపురుగు ఉన్న ప్రాంతాల్లో దాన్ని మించిన శత్రువు లేదు. సెంటీమీటరు దాటిన నల్లటి పురుగు, మొక్క మొదలు దగ్గర మట్టల మధ్య కన్నం చేసి గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు గుజ్జు తింటాయి, వాటితో వచ్చిన కుళ్ళు మిగతా పని పూర్తిచేస్తుంది. అడుగు మట్టలన్నీ ఒకేసారి చుట్టూ వాలిపోయి మొవ్వు ఒక్కటే నిటారుగా నిలబడితే అదే. అప్పటికి మందు వేసి లాభం లేదు. మొక్కని మట్టితో సహా తవ్వి సంచిలో కట్టి పారేయాలి, చెత్తకుప్ప మీద వేస్తే పురుగులు రెక్కలు వచ్చి పక్క మొక్కకి వెళ్తాయి. ముందుజాగ్రత్తగా ఇమిడాక్లోప్రిడ్ లాంటి వేరు పీల్చుకునే మందుని పురుగు తిరిగే కాలానికి ముందు మట్టిలో పోస్తారు. మోతాదు డబ్బా మీద ఉన్నంతే, పూతకొచ్చిన మొక్కకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి, తేనెటీగలు పోతాయి.

తక్కువతడి:

ఇన్ని రోజులకోసారి నీళ్ళు అనే లెక్కే పక్కన పెట్టండి. పొడి వెదురు పుల్లని కుండీ అడుగు దాకా గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. పుల్ల రంగు మారినా, మట్టి అంటుకున్నా ఆగాలి. పూర్తిగా పొడిగా వస్తే కింద ధార పడేదాకా పోసి, పళ్ళెంలో నిలిచినది పారబోయండి. కొంచెం కొంచెం రోజూ చిలకరించడం అన్నిటికంటే చెడ్డది, పైన తడి, కింద వేళ్ళకి కరువు. రాతిమన్ను గారి మిశ్రమంలో, ఈ సైజు మొక్కకి, ఎండాకాలంలో వారం పది రోజులకి ఒకసారి, చలిలో మూడు నాలుగు వారాలకి ఒకసారి పడుతుంది. విడవకుండా వానలు పడే రోజుల్లో చూరు కిందికి జరపండి. మొవ్వులో నిలిచిన నీరు ఎండలో ఆరిపోతుంది గానీ, చల్లటి మబ్బు రోజుల్లో రెండు రోజులు నిలిస్తే కుళ్ళు మొదలవుతుంది, ఆ నీటి తడిలోనే మచ్చతెగులు కూడా వస్తుంది.

ఎరువు ఈ ఏడాది అసలు వద్దు. వేళ్ళు కుదిరాక కూడా నత్రజని తక్కువ ఉన్న ద్రవ ఎరువు, డబ్బా మీద చెప్పినదాంట్లో నాలుగో వంతు బలంతో, ఎదిగే కాలంలో రెండుసార్లు చాలు. నత్రజని ఎక్కువైతే మట్టలు మెత్తగా సాగుతాయి, పచ్చ పిలకలు విజృంభిస్తాయి.

పొరపొర గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. 30 సెం.మీ. తల్లికి వేళ్ళు మూడు వంతులు పోయాక చార పిలకని 10 సెం.మీ. వచ్చేదాకా ఆపడం జూదం. తల్లి పోతే పిలకా పోతుంది. ఎలాగూ మొక్క బయటే ఉంది, పిలక 5 సెం.మీ. దాటి, మొదలు గట్టిగా ఉంటే ఇప్పుడే తీసి విడిగా ఆరబెట్టండి. రకం చేజారకుండా ఉంటుంది.

పొరపొర:

ఒప్పుకుంటాను. ఆరోగ్యంగా ఉన్న తల్లికి చెప్పిన లెక్క అది, ఇక్కడ వర్తించదు. చిన్న పిలకకి గాజు సీసాలు, పాలిథిన్ సంచులు కప్పకండి, అగేవ్ పిలకకి తేమ కాదు గాలి కావాలి.

పెరటిచార:

చార పిలక 7 సెం.మీ. ఉంది, రెండు వేళ్ళు కూడా ఉన్నాయి, తీసేశాను. పచ్చది కాడతో సహా వచ్చింది. తెల్లది కూడా తీసేశాను. రెండు చిన్న సందేహాలు. ఎండకి మాడిన మట్టలు ఇప్పుడు కోసేయవచ్చా? అగేవ్ పూస్తే చచ్చిపోతుందంటారు, ఈ బలహీనతలో పూతకి వస్తుందా?

రాతిమన్ను:

పూత భయం వద్దు. అమెరికానా జాతి పూతకి రావడానికి నేలలో పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళు పడుతుంది, కుండీలో ఇంకా ఆలస్యం. ఈ సైజులో రాదు. పెద్దయ్యాక వచ్చిందంటే పూలకాడ కొన్ని మీటర్ల ఎత్తు లేస్తుంది, ఆ మొక్క అంతటితో సరి. కాడ నరికినా తల్లి దక్కదు. అప్పటికి పిలకలు చేతిలో ఉండాలి. డెస్మెటియానా, అంగుస్టిఫోలియా రకాలు మాత్రం పూలకాడ మీదే వందల కొద్దీ చిరుమొక్కలు వేస్తాయి, వాటిలో చార బాగున్నవి ఏరుకోవచ్చు.

మాడిన మట్టలు కోయకండి. మచ్చ చుట్టూ ఉన్న పచ్చ అంచు ఇంకా తిండి చేస్తోంది, వేళ్ళు లేని మొక్కకి అదీ ముఖ్యమే. మట్ట కొస నుంచి మొదలు దాకా కాగితంలా ఎండాక తీయండి. అప్పుడు కూడా కత్తెరతో మధ్యలో కోస్తే మోడు మిగిలి అందులో తడి, పిండినల్లి చేరతాయి. కొస నుంచి నిలువునా రెండుగా చీల్చి, ఒక సగాన్ని ఎడమకి, ఇంకో సగాన్ని కుడికి లాగండి, కాండం దగ్గర నీటుగా ఊడి వస్తుంది. ముందుగా కొస ముల్లుని అర సెం.మీ. గోళ్ళ కత్తెరతో తీసేయండి, కళ్ళద్దాలు పెట్టుకోండి. పచ్చి మట్ట రసం చర్మానికి తగిలితే సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాల వల్ల దురద, దద్దుర్లు వస్తాయి, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. ఎంత పెద్ద మొక్క అయినా మోటారు కత్తెరతో మాత్రం కోయకండి, రసం తుంపరలుగా లేచి ఒళ్ళంతా పడుతుంది.